పాత ఎం.జి.బి.ని బాగుచేయబూనిన మేనల్లునకు

రాజమహేంద్రవరము



బర్మింగ్‌హామ్‌లో నీవు 1964వ సంవత్సరపు ఎం.జి.బి. రోడ్‌స్టరు నొకదానిని కొంటివనియు, దానిని పుట్టిననాటి రూపమునకు తేదలచితివనియు వ్రాసిన జాబు చదివి, ముప్పదియేండ్లు అంబాసిడరు కార్ల క్రింద వెల్లకిల పండుకొని పని చేసిన నా మనస్సు ఉప్పొంగినది. ఆ రెండు కార్లకును చుట్టరికము కలదు. మన అంబాసిడరులోని 1489 సి.సి. ఇంజనును, నీ కారులోని 1798 సి.సి. ఇంజనును బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వారి ‘బి-సిరీస్’ అను ఒక్క వంశమున జన్మించినవే. పిస్టను నడచు దూరము రెండింటను 88.9 మిల్లీమీటర్లే, సిలిండరు వ్యాసము మాత్రము మనదానిలో 73, నీదానిలో 80 మిల్లీమీటర్లకు ఇంచుక మించును. అయినను ఈ పోలికను నమ్మి ఇక్కడి సామాను కొరకు ఆశపడకుము. కంటికి ఒక్కటిగా కనబడి, బిగింపబోవునప్పుడు వేరని తేలు వస్తువులే ఈ పనిలో మనలను ఏడిపించును.

కావున సామాను కొనుటకు ముందు నీ కారు ఏ నెలలో పుట్టినదో తెలిసికొనుము. ఆక్స్‌ఫర్డుకు దక్షిణమున నున్న ఆబింగ్డన్ కర్మాగారములో 1962 మొదలు 1980 వరకు ఈ జాతి కార్లు ఐదు లక్షలకు పైగా తయారైనవి. ఆ పదునెనిమిదేండ్లలో పైరూపు కొలదిగానే మారినను, లోపలి భాగములు పలుమారులు మారినవి. అందులోను నీ 1964వ సంవత్సరము సంధికాలము. ఆ ఏటి అక్టోబరులో క్రాంకుషాఫ్టును మోయు బేరింగులు మూడు పోయి ఐదు వచ్చినవి. ఇంజను నంబరు 18జి అనిగాని 18జిఏ అనిగాని మొదలైనచో మూడు, 18జిబి అని మొదలైనచో ఐదు. ఈ అరువదియేండ్లలో ఎవరైన ఇంజనునే మార్చి యుండవచ్చును గనుక, గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియము వారికి చాసిస్ నంబరు వ్రాసి, ఆనాటి కర్మాగారపు దస్తరముల నుండి వారిచ్చు ధ్రువపత్రమును తెప్పించుకొనుము. కారు తయారైన తేదీ, తొలి రంగు, తొలి ఇంజను నంబరు అందుండును. అది చేతికి వచ్చువరకు ఒక్క పెన్నీయైనను ఖర్చు చేయవలదు.

రెండవ మాట నేను కష్టపడి నేర్చినది. పనిలో చేరిన తొలిదినములలో ఒక పెద్దమనిషి కారు కార్బరేటరు విప్పి, పాత జెట్టు మీది అంకెను చూడకయే దానిని తుక్కులో పడవేసి, కొట్టువాడు ‘ఇదే’ యని చేతబెట్టిన దానిని బిగించితిని. మరునాటికే నల్లని పొగ, ప్లగ్గులకు మసి. ఆయన మూడుసార్లు షెడ్డుకు వచ్చి, మూడవసారి ఏమియు ననక గుమ్మములో నిలుచుండెను. ఆ రాత్రి లాంతరు వెలుగున తుక్కుకుప్ప నంతను చేటలో పోసి చెరిగి, ఆ ఇత్తడి ముక్కను వెదకి, దాని అంకె చదివిన పిమ్మటగాని నాకు నిద్ర పట్టలేదు. నీవు విప్పు ప్రతి వస్తువును, విరిగినదైనను తుప్పు తినినదైనను, చీటీ కట్టి డబ్బాలో దాచుము; క్రొత్తది బిగిసి, కారు నూరు మైళ్లు నడచువరకు పాతదానిని పారవేయకుము.

ఇక ఇనుము సంగతి. దీనికి వేరుగా చాసిస్ చట్రము లేదు; పైకప్పును లేదు; కనుక తలుపుల క్రింద నిడివిగా నుండు సిల్లులే బరువును ప్రధానముగా మోయును. ఆ దేశమున శీతకాలమున బాటలపై చల్లు ఉప్పు వానిలో చేరి లోపలినుండి తినివేయును. పైన మాత్రము పుట్టీయు రంగును నిగనిగలాడుచుండును. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతమును ముందు రెక్క వెనుక అంచు మొదలు సిల్లు పొడవునను మెల్లగా నడిపింపుము. ఎక్కడ అది పట్టు వదలునో అక్కడ ఇనుము పోయినదని అనుమానింపుము. సిల్లును కోయుటకు ముందు తలుపు సందున ఇనుప కడ్డీ వెల్డింగు చేసి, ఒక్కొక్క ప్రక్కనే పని సాగింపుము. అట్లు చేయక కోసినచో కారు శరీరము నడుమ క్రుంగును. ఆపై ఎంత మంచి రేకు అతికినను తలుపు సరిగా మూతపడదు. విట్నీలోని బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వారు పాత అచ్చులతోనే 1988 నుండి క్రొత్త శరీరములు కూడ చేయుచున్నారు. పాత ఇనుము పూర్తిగా చచ్చినదైన తప్ప క్రొత్త శరీరమును కొనవలదని నా అభిప్రాయము. విడి రేకులు మాత్రము అట్టి అచ్చులలో పుట్టినవే కొనుము, చౌకవాని అంచులు కలియవు.

ఇక నీ కారులోని ఎస్.యు. కార్బరేటర్లు రెండింటిని ఒకేమారు విప్పకుము. ఒక్కొక్కదానిలోని పిస్టనును, దాని గిన్నెయును జతగా చేసినవి. ఒకదానివి రెండవదానికి చేరరాదు. శుభ్రపరచి బిగించిన పిదప పిస్టనును వ్రేలితో ఎత్తి విడిచిన, క్రిందికి జారి ‘టక్’ మని స్పష్టముగా పలుకవలెను. విద్యుత్తు విషయమున ఒక్కటే హెచ్చరిక: ఆ కాలపు కారులో సీట్ల వెనుక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండుండును, పాజిటివ్ కొనయే శరీరమునకు కలుపబడి యుండును. మునుపటి యజమాని ఆ కొనలను తారుమారు చేసెనేమో చూడకయే ఏ క్రొత్త పరికరమును తగిలింపకుము.

అత్తయ్య నీ ఆరోగ్యము జాగ్రత్త యని చెప్పుచున్నది. చాసిస్ నంబరును, ఇంజను నంబరును, రెండు తలుపుల చుట్టును పైన, నడుమ, క్రింద కొలిచిన సందులను కాగితముపై వ్రాసి, వచ్చు జాబుతో నాకు పంపుము. అంతవరకు రంపము చేతబట్టకుము.

ఇట్లు,
మామయ్య