పూర్వపు ఆయుధాల అధ్యయనం – ఆకర గ్రంథాల ఎంపిక

ఒక పాత ఖడ్గాన్ని ముందుంచి “ఇది ఏ దేశానిది? ఏ కాలానిది?” అని ప్రశ్నిస్తే మనం వెంటనే పుస్తకాన్ని ఆశ్రయిస్తాము. కాని ఆ పుస్తకమే పొరపడి ఉంటే? విద్యార్థులారా, చరిత్ర అధ్యయనంలో గ్రంథాన్ని చదవడం ఎంత ముఖ్యమో, గ్రంథాన్ని ఎంచుకోవడం అంత ముఖ్యం.

దక్కను ఆయుధాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఐరోపా నుండి వచ్చిన అలుగుకు ఇక్కడి పిడిని అమర్చిన కత్తిని ‘ఫిరంగి’ అన్నారు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కును పారశీక వర్తకులు కొనుగోలు చేసేవారు. ఇక ఇస్ఫహాను నగరపు అసదుల్లా పేరు అనేక తరాల కత్తులపై కనిపిస్తుంది. అందుచేత అలుగుపై పేరున్నంత మాత్రాన అది ఆయన చేతిపని అని నిర్ణయించరాదు.

ఇప్పుడు గ్రంథాలను పరిశీలిద్దాం. 1880లో ఎగర్టన్ లండన్‌లోని ఇండియా మ్యూజియం ఆయుధాలను ప్రాంతాలవారీగా వర్ణించారు. 1934లో వెలువడిన స్టోన్ నిఘంటువు కాకసస్ పర్వత ప్రాంతపు కింజాల్ మొదలు మన కటారి వరకు ప్రపంచ ఆయుధాలన్నింటినీ అకారాదిగా చూపుతుంది. పరిచయానికి మేలు, తుది నిర్ణయానికి చాలదు. 1978 నుండి వెలువడిన జి. ఎన్. పంత్ సంపుటాలు భారతీయ మూలాలను పరిశీలించాయి. 2004లో రాబర్ట్ ఎల్‌గుడ్ ప్రకటించిన గ్రంథం ప్రత్యేకించి దక్షిణ దేశపు ఆయుధాలకు సంబంధించినది.

ఒక్క ఉదాహరణ చాలు. అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో జమ్‌ధర్ అని పేర్కొన్న పొడుపుబాకును తరువాతి గ్రంథాలు కటార్ అంటాయి. ఈ పేరు మార్పునకు ఎగర్టన్ పొరపాటే మూలమని పంత్ అభిప్రాయం. ఒకరిని చూసి మరొకరు వ్రాస్తే పొరపాటు సైతం ప్రమాణమై కూర్చుంటుంది! మూల పారశీకాన్ని చదవగలవాడు, ‘కటారి’ అన్న మాటను తెలుగు, తమిళ వాఙ్మయాలలో వెదకగలవాడు కలిసి కూర్చున్నప్పుడే ఇటువంటి చిక్కు విడుతుంది. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్లపై కూర్చొనే మన కళాశాలకు ఇది సహజమైన భాగ్యం.

గ్రంథాలయానికి ధనం పరిమితమైతే ముందుగా ఎల్‌గుడ్ గ్రంథాన్ని, పిదప పునర్ముద్రణలలో లభించే ఎగర్టన్‌ను తెప్పించడం ఉచితమని కళాశాల సంఘానికి నా మనవి.

పుస్తకం చదివిన పిదప వస్తువును చూడాలి. 1863 ప్రాంతంలో తంజావూరు ఆయుధాగారం చెదిరిపోయినప్పుడు ఎన్నో ఆయుధాలు పాత ఇనుముగా అమ్ముడుపోయాయి. ఎంపిక చేసిన కొన్ని మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. సూళ్లూరుపేటలో రైలెక్కితే ఆ ఎగ్మూరు మనకు ఎంతో దూరం కాదు. నాడు వాటి విలువ తెలిసినవారు లేక ఇనుముగా కరిగినవి తిరిగి రావు. మిగిలినవాటినైనా సరిగా చదవడం నేర్చుకోవడం మన విధి.