నలుగురిలో నేర్చెడి విద్య

అక్షరాభ్యాసమునకు ముందే బిడ్డ నేర్వవలసిన విద్య యొకటి కలదు. ఎదుటివారు చెప్పునది వినుట, తన వంతు వచ్చువరకు వేచియుండుట, తెలియనిదానిని సిగ్గుపడక అడుగుట, పెద్దలు తప్పు దిద్దినప్పుడు చిన్నబుచ్చుకొనకుండుట. విద్యావేత్తలు దీనిని సామాజిక నైపుణ్యమందురు. ఇది అలవడిన బిడ్డ బడి విడిచిన పిమ్మటను, తల నెరసిన పిమ్మటను, ఎవరివద్దనైనను ఏదో యొకటి నేర్చుకొనగలడు.

రష్యా దేశపు మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ (1896–1934) ఈ విషయమును లోతుగా పరిశీలించెను. బిడ్డ యొక్క ఆలోచనాశక్తి మొదట మనుష్యుల నడుమ రూపొంది, తరువాత వాని మనస్సులో స్థిరపడునని ఆయన సిద్ధాంతము. నేడు తెలిసినవారి తోడుతో చేసిన పనిని బిడ్డ రేపు తానొక్కడే చేయును.

మారిషస్ తెలుగువారు ఈ సిద్ధాంతమును వినకయే ఆచరించిరి. 1834 మొదలు 1920 వరకు ఆ ద్వీపమునకు ఒప్పందపు కూలీలుగా దాదాపు 5 లక్షలమంది వచ్చిరి. వారిలో తెలుగువారు కొద్దిమందియే. చెరకు తోటల కాంపులలో పగలంతయు చాకిరి. చదువు వచ్చినవారు అరుదు. అయినను రామభజనము నిలిచెను. నడుమ దీపము, దాని చుట్టును తాళములతో తిరుగుచు పాడువారు. ఒకరు పాట ఎత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు. చిన్నవాడు మొదట తల్లి ఒడిలో వినును. కొంత యెదిగిన పిదప వెనుక వరుసలో అడుగు కలుపును. తాళము తప్పినచో ప్రక్కనున్న పెద్దాయన కనుసైగతో సరిదిద్దును. పదిమంది యెదుట తప్పి, మరల గొంతు కలుపుటకు కావలసిన ధైర్యము వానికి అచ్చటనే అబ్బును. మార్కులు లేని పరీక్ష అది!

మారిషస్ పాఠశాలలలో నేడు తెలుగు బోధింపబడుచున్నది. 1970లో స్థాపింపబడిన మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నత విద్యకును అవకాశము కలదు. ఇది సామాన్యమైన లాభము కాదు. కాని తెలుగు వ్రాయగల పిల్లలలో కొందరు భజనలో నోరు మెదపక గోడ ప్రక్కన నిలుతురు. ఇంటిలో వినునది క్రియోలు. తెలుగు వారికి పుస్తకములోని పాఠము మాత్రమే. రాత్రంతయు పాడగల పెద్దలలో కొందరికి తెలుగు లిపి రాదు. పాట యెరిగినవారి యొద్ద అక్షరము లేదు, అక్షరమెరిగినవారి యొద్ద పాట లేదు.

భజనకు ముందు ఒక గంట వీరిరువురిని ఒకే చాపపై కూర్చుండబెట్టవచ్చును. పిల్లవాడు చరణమును చదివి వినిపించును. అవ్వ దానికి వరుస చెప్పును. తన నోట ఏండ్ల తరబడి కొంత మారిపోయిన మాట అసలు రూపమేదో ఆమెకు అప్పుడు తెలియును. ఆ మాట ఎచ్చట సాగదీయవలెనో పిల్లవానికి తెలియును.