గద్దించకండి, దగ్గరకు తీయండి

యౌవనంలో అడుగిడిన పిల్లల మనసులో ఆకర్షణ కలగడం సహజం. అది పాపం కాదు, హద్దు దాటడమే పాపం.

ఒక యువకుడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి వ్యభిచారానికి అనుమతి అడిగాడు. చుట్టూ ఉన్నవారు గద్దించారు. ప్రవక్త (స) మాత్రం అతణ్ణి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో, కూతురి విషయంలో, సోదరి విషయంలో దీన్ని ఇష్టపడతావా అని అడిగారు. ప్రతిసారీ అతను లేదన్నాడు. ఇతరులూ ఇష్టపడరని తెలియజెప్పి, అతనిపై చేయి వేసి దుఆ చేశారు. ఆ తర్వాత అతని మనసు అటు మళ్లలేదని ముస్నద్ అహ్మద్‌లో హజ్రత్ అబూ ఉమామా (రజి) ఉల్లేఖనం.

తల్లిదండ్రులారా! అబ్బాయి ఫోను దాచుకున్నా, అమ్మాయి మౌనం వహించినా వెంటనే కేకలు వేయకండి. దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి, నచ్చజెప్పండి, దుఆ చేయండి. ఇంట్లో చెప్పుకోలేని మాటను పిల్లలు బయటివారితో చెప్పుకుంటారు.