‘హిస్’ అంటే ఎవరిది?

ఇంగ్లీషులో పెద్ద మాటలకు నిఘంటువు ఉంది. ‘హి’, ‘హిస్’, ‘దే’ అనే చిన్న మాటలకు ఏ నిఘంటువూ పనికిరాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాబోటివాళ్ళు తడబడేది వీటి దగ్గరే.

మా అశ్వారావుపేట రైతుల ఇళ్ళల్లో సంగతే తీసుకుందాం. ‘ఫాదర్ టోల్డ్ అంకుల్ దట్ హిస్ బుల్లక్ వాజ్ సిక్.’ జబ్బు ఎవరి ఎద్దుకి? అది గాలికుంటు అయితే, ఏ కొట్టంలో ఎద్దును విడిగా కట్టెయ్యాలో ఈ ‘హిస్’ మీదే ఉంది. తెలుగులో అయితే ‘తన ఎద్దుకి జబ్బు చేసిందని నాన్న బాబాయితో చెప్పాడు’ అంటాం. ‘తన’ అన్నామంటే నాన్నదే. బాబాయిదైతే ‘ఆయన ఎద్దుకి’ అంటాం. పైగా వాడు, అతను, ఆయన అని మనకు మర్యాద మెట్లున్నాయి. జీతగాడెవరో, ఆసామి ఎవరో ఆ మాటే చెప్పేస్తుంది. ఇంగ్లీషు ‘హి’కి అందరూ సమానమే! (అదీ ఒకందుకు మంచిదే లెండి.) అలాగని మన భాషలో చిక్కే లేదనను. ‘వచ్చింది’ అంటే అక్కా రావచ్చు, ఆవూ రావచ్చు.

దగ్గరున్న నామవాచకానికే సర్వనామం చెందుతుందనే సూత్రం అన్నిచోట్లా నిలవదు. కంప్యూటరుకు ఇంగ్లీషు నేర్పబోయిన టెర్రీ వినోగ్రాడ్ 1972లో ఒక ఉదాహరణ ఇచ్చాడు. ప్రదర్శన చేస్తామన్న స్త్రీలకు నగర కౌన్సిలర్లు అనుమతి ఇవ్వలేదు, ఎందుకంటే ‘దే’ హింసకు భయపడ్డారు. ఇక్కడ ‘దే’ కౌన్సిలర్లు. ‘విప్లవాన్ని సమర్థించారు’ అని మార్చండి, ‘దే’ స్త్రీలైపోతారు! మన ‘వాళ్ళు’ కూడా ఇక్కడ ఆదుకోదు. తేల్చింది వ్యాకరణం కాదు, ఎవరు ఎందుకు భయపడతారో మనకున్న లోకజ్ఞానం.

కాబట్టి ‘హి’ వినగానే ముందు క్రియను చూడాలి, ఆ పని ఎవరికి తగునో ఆలోచించాలి. అప్పటికీ తేలకపోతే ‘హూజ్ బుల్లక్?’ అని అడగడమే.