బ్రేకు ప్యాడ్లు, డిస్కులు ఎప్పుడు మార్చాలి? చేయవలసినవి - చేయకూడనివి

కొత్త బ్రేకు ప్యాడులో రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది అరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చినా పెడల్ తొక్కే కాలికి పెద్దగా తేడా తెలియదు. ప్యాడు అరిగిన మేరకు, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి ఖాళీని పూడ్చేస్తుంది. అంతే మేరకు డబ్బాలోని బ్రేకు ఆయిల్ కిందికి దిగుతుంది. కారు ఎప్పటిలాగే ఆగుతుంది. ఈ ఏర్పాటు డ్రైవరుకు సౌకర్యమే, కానీ అరుగుదలను దాచిపెట్టేదీ ఇదే. "బ్రేకులు బాగానే పడుతున్నాయి కదా, ఇప్పుడెందుకు?" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. బ్రేకు పడుతోందా లేదా అన్నది కాలికి తెలుస్తుంది. ప్యాడు ఎంత మిగిలిందన్నది మాత్రం చక్రం విప్పి కొలిస్తేనే తెలుస్తుంది.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. కంపెనీ పుస్తకాల్లో రోటర్ అని రాసేది ఈ డిస్కునే. సైకిల్ రిమ్మును రెండు రబ్బరు ముక్కలు పట్టుకున్నట్టు, తిరిగే డిస్కును ప్యాడ్లు రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఎక్కువ శ్రమ ముందు చక్రాలదే. వాటి ప్యాడ్లే త్వరగా అరుగుతాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపడానికి ఎంత శక్తిని హరించాలో, 80 వేగంలో దానికి నాలుగు రెట్లు హరించాలి. ఆ శక్తంతా ప్యాడుకూ డిస్కుకూ మధ్య వేడిగా మారుతుంది. అందుకే మందం అన్నది ఇక్కడ ప్రాణానికి సంబంధించిన సంగతి.

చక్రం విప్పించండి

"ముప్పై వేల కిలోమీటర్లకు మార్చాలా, యాభై వేలకా?" అని అడుగుతుంటారు. కిలోమీటర్ల లెక్క ఇక్కడ పనికిరాదు. హైదరాబాదులో అమీర్‌పేట, కూకట్‌పల్లి మధ్య రోజూ తిరిగే కారుకూ, వారానికోసారి విజయవాడ హైవే మీద వెళ్లొచ్చే కారుకూ ప్యాడ్ల ఆయుష్షు ఒకటి కాదు. నడిపే తీరు, మోసే బరువు, ఎక్కిదిగే కొండలు అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రతి సర్వీసుకూ, లేదా ప్రతి 10,000 కిలోమీటర్లకూ నాలుగు చక్రాలూ విప్పి చూపించమనండి. టైర్లు మార్చి బిగించే రోజున ఎలాగూ చక్రాలు విప్పుతారు, ఆ అవకాశం వదలకండి.

కొలిచేది రాపిడి పదార్థాన్ని మాత్రమే. దాని వెనక అతికించి ఉండే ఇనుప పలకను కలిపి కొలిస్తే అరిగిపోయిన ప్యాడు కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే. 2 మిల్లీమీటర్ల దాకా లాగవచ్చని కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. దూర ప్రయాణాలు, ఘాట్ రోడ్లు ఉన్నవాళ్లు మాత్రం 3 దగ్గరే ఆగడం మంచిదని నా గట్టి అభిప్రాయం. పలచబడ్డ ప్యాడు వేడిని అడ్డుకోలేదు. ఆ వేడి పిస్టన్ గుండా బ్రేకు ఆయిల్‌కు చేరుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అలాయ్ చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూసి, ప్యాడు బాగానే ఉందని తేల్చేస్తారు. అలా కనిపించేది బయటి ప్యాడు. లోపలి ప్యాడు డిస్కు వెనక ఉంటుంది. కాలిపర్ జరగడానికి వీలుగా ఉండే స్లైడ్ పిన్నులు దుమ్ముతోనో తుప్పుతోనో బిగుసుకుపోతే, పిస్టన్ పక్కనున్న లోపలి ప్యాడు ఒక్కటే పని చేసి అరిగిపోతుంది. బయటిది 6 మిల్లీమీటర్లు ఉండి లోపలిది ఇనుము దాకా వచ్చిన కార్లు ఉంటాయి. కాబట్టి రెండింటినీ చూపించమని అడగండి. రెంటి మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటే ప్యాడ్లు మారిస్తే సరిపోదు. పిన్నులు తీసి శుభ్రం చేసి, బ్రేకులకోసం తయారైన గ్రీజు పెట్టించాలి. మామూలు గ్రీజు పెడితే లోపలి రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుస్తుంది.

చెవికి వినిపించే సూచనలూ ఉన్నాయి. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప రేకు ఒకటి అమర్చి ఉంటుంది. ప్యాడు హద్దుకు వచ్చేసరికి ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమని సన్నటి కూత పెడుతుంది. వాన కురిసిన మర్నాడు ఉదయం నాలుగైదు బ్రేకుల దాకా వినిపించే గరగర వేరు. అది డిస్కు మీద పట్టిన పలచటి తుప్పు. రాపిడికి అదే పోతుంది, కంగారు అక్కర్లేదు. కూత రోజూ వినిపిస్తే షెడ్డుకు వెళ్లండి. కూత ఆగిపోయి, ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న మోటు గరగర మొదలైతే కారు ఇక నడపకండి, టో చేయించండి. ఆ దశలో ప్యాడు వెనక పలక డిస్కును కొరుక్కుతింటుంది. ప్యాడ్ల సెట్టుతో పోయే ఖర్చు డిస్కుల జతకు పెరుగుతుంది. అంతకంటే ముందు, కారు ఆగాల్సిన చోట ఆగదు.

డిస్కు సంగతి

డిస్కుకు ఒక కనీస మందం ఉంటుంది. దాన్ని డిస్కు మధ్యభాగం మీదో అంచు మీదో అచ్చువేసి ఉంచుతారు, లేకపోతే సర్వీసు పుస్తకంలో ఉంటుంది. సాధారణంగా అది కొత్త మందం కంటే సుమారు 2 మిల్లీమీటర్లు తక్కువ. అయితే మీ కారుకు ఏ అంకె ఉందో అదే ప్రమాణం, పక్కవాళ్ల కారు అంకె కాదు. ఆ హద్దు దాటిన డిస్కు వేడిని తక్కువ మోస్తుంది, త్వరగా వంకర పోతుంది, పగులుతుంది.

కొలిచేటప్పుడు జాగ్రత్త. ప్యాడు తగలని బయటి అంచు అరగదు కాబట్టి అక్కడ మెట్టులా లేస్తుంది. వెర్నియర్ పెడితే దాని దవడలు ఆ మెట్టు మీద ఆగి అసలు మందం కంటే ఎక్కువ చూపిస్తాయి. మైక్రోమీటరుతో, ప్యాడు రాసే చోట, చుట్టూ ఆరేడు చోట్ల కొలవాలి. ఈ కొలతల్లో మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు తేడా ఉన్నా చాలు, వేగంలో బ్రేకు వేసినప్పుడు స్టీరింగు చేతుల్లో వణుకుతుంది, పెడల్ పాదం కింద కొట్టుకుంటుంది. డిస్కు వంగిందని అందరూ అనేది దీన్నే. చాలాసార్లు డిస్కు వంగి ఉండదు, ఒకచోట పలచగా ఒకచోట మందంగా అరిగి ఉంటుంది, లేదా ప్యాడు పదార్థం ఒకచోట అంటుకుపోయి ఉంటుంది. చక్రం నట్లను గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగించడం, హబ్బు మీద తుప్పు తుడవకుండా డిస్కు ఎక్కించడం కూడా దీనికి దారితీస్తాయి. నట్లు టార్క్ రెంచితో, ఎదురెదురుగా ఉన్నవి వరసగా బిగించమని చెప్పడానికి మొహమాట పడకండి. అత్యవసరంగా గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ పని చేస్తూ పెడల్‌ను టకటకలాడించడం మాత్రం లోపం కాదు, అప్పుడు కాలు తీయకూడదు.

డిస్కు మీద సన్నటి గీతలు సహజం. గోరు ఇరుక్కునేంత లోతు గాళ్లు పడితే కొలిపించండి. నీలిరంగు మచ్చలు బాగా కాలిన గుర్తు. అంచు దాకా పాకిన చీలిక కనిపిస్తే కొలవనక్కర్లేదు, ఆ డిస్కు మార్చాల్సిందే. లేత్ మీద స్కిమ్మింగు, అంటే పైపొర చెక్కి చదును చేయిస్తే సరిపోతుందని షెడ్డులో అంటారు. స్కిమ్మింగు తప్పు కాదు, కానీ చేశాక మిగిలే మందం కనీస మందం కంటే పైనే ఉండాలి. ఆ అంకె చూపించలేని లేత్ పనికి ఒప్పుకోకండి.

వెనక డ్రమ్ములను చాలామంది మరిచిపోతారు. డ్రమ్ము తీస్తే తప్ప లోపలి లైనర్లు కనిపించవు. హ్యాండ్ బ్రేకు లివరు మునుపటికంటే చాలా పైకి వస్తుంటే తీయించి చూపించండి.

బ్రేకు ఆయిల్

ఆయిల్ మట్టం కనిష్ఠ గీతకు దిగిందంటే, కారుతోందో ప్యాడ్లు అరిగాయో ముందు తేల్చండి. ప్యాడ్లు చూడకుండా పైనుంచి పోస్తే అరుగుదల సూచన చెరిగిపోతుంది. కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు ఎక్కువైన ఆయిల్ పొంగి పెయింటు మీద పడి దాన్ని తినేస్తుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. అందుకే అరుగుదలతో సంబంధం లేకుండా రెండేళ్లకోసారి మార్పించాలి.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు

తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగడానికి కారుకు కనీసం 40 నిమిషాలు పట్టాలనే నిబంధన ఉంది. అది వేగానికి పెట్టిన హద్దే అయినా బ్రేకులకూ మేలు చేస్తుంది. వరసగా మలుపులున్న వాలులో కాలు బ్రేకు మీదే పెట్టి ఉంచితే ప్యాడ్లు కాలి, వాటి పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ నేలకు దిగిపోతుంది, కారు ఆగదు. ఈ ప్రమాదం శ్రీశైలం, అరకు, పాడేరు, మారేడుమిల్లి దారుల్లోనూ ఉంది.

ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ ఆ గేరే వాడండి, ఇంజను కారును పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కార్లలో ఎల్, బీ, లేదా మాన్యువల్ స్థానం ఇందుకే ఉంది. బ్రేకును గట్టిగా, కొద్దిసేపు వేసి వదలండి. కాలిన వాసన వస్తే, లేదా పెడల్ మెత్తబడితే, వెడల్పున్న చోట పక్కకు ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, అరగంట దాకా చల్లారనివ్వండి. విద్యుత్ కార్లున్నవాళ్లకు ఒక మాట: కొండపైన బ్యాటరీ నిండా చార్జి చేసి దిగడం మొదలుపెడితే, మోటారు తిరిగి చార్జి చేసుకుంటూ కారును ఆపే పద్ధతి సరిగా పని చేయదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. ఆ కార్లలో ప్యాడ్లు అరగడం తక్కువే, కానీ వాడకం తగ్గి డిస్కులకు తుప్పు పడుతుంది. వాటినీ చూపించాలి.

ఇవి చేయకండి

పెట్రోలు ఆదా అని వాలులో న్యూట్రల్ చేయకండి. ఇంజను ఆపనే ఆపకండి. పెడల్ తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకు అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది.

కాగిన డిస్కుల మీద నీళ్లు పోయకండి. పోత ఇనుము ఒక్కసారిగా చల్లబడితే పగలవచ్చు, వంకర పోవచ్చు.

ఒక చక్రానికే ప్యాడ్లు మార్చకండి. డిస్కులైనా అంతే. ఎడమ, కుడి జతగా మారాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక వైపుకు లాగుతుంది.

బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదించకండి, చేత్తో దులపకండి. పాత, నాసిరకం ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ పోగులు ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్రేకు క్లీనరుతో తడిపి గుడ్డతో తుడవాలి. ఈ పని రోజూ చేసేది షెడ్డులోని కుర్రాళ్లు. వాళ్లకు మాస్కు ఉందో లేదో చూసి చెప్పడం కూడా మన బాధ్యతే.

కూత వస్తోందని ప్యాడు ముఖం మీద గ్రీజు, ఆయిల్ రాయకండి. రాయిస్తానంటే వద్దనండి. గ్రీజు పట్టిన ప్యాడు ఇక పనికిరాదు.

ధర తక్కువని పేరులేని డబ్బా కొనకండి. మంచి ప్యాడు అంచు మీద అచ్చులో రెండక్షరాల రాపిడి సంకేతం ఉంటుంది. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో పట్టు ఎంతో చెబుతుంది. ఎఫ్ఎఫ్ అంటే రెండు స్థితుల్లోనూ 0.35 నుంచి 0.45 మధ్య. ఇఇ అంటే 0.25 నుంచి 0.35.

కొత్తవి వేశాక

షెడ్డు నుంచి కారు కదిలించే ముందు, ఇంజను వేసి, పెడల్ గట్టిపడేదాకా నెమ్మదిగా పంపు చేయాలి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కులు ఖాళీగా పోతాయి. ఇది మరిచి గేటు దాటబోయి ముందున్న బండిని గుద్దేవాళ్లున్నారు. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను క్లీనరుతో తుడిచారో లేదో చూడండి. మొదటి 300 కిలోమీటర్లు అవసరమైతే తప్ప హఠాత్తుగా బ్రేకు వేయకండి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 దాకా మెల్లగా తగ్గించడం, కాస్త దూరం చల్లారనివ్వడం, ఇలా ఎనిమిది పది సార్లు చేస్తే ప్యాడుకూ డిస్కుకూ ముఖాలు కలుస్తాయి. వేడిగా ఉన్నప్పుడు సిగ్నలు దగ్గర పెడల్ నొక్కి పట్టుకుని నిలబడకుండా, చదునైన చోట హ్యాండ్ బ్రేకు వాడండి.

వేసవి సెలవులకో దసరాకో ఊరికి, కొండకు బయలుదేరే ముందు వారమే షెడ్డుకు వెళ్లండి. బయలుదేరే రోజు పొద్దున కాదు. "ప్యాడ్లు బాగున్నాయి" అనే మాటతో సరిపెట్టుకోకుండా, ముందు రెండు చక్రాల లోపలి ప్యాడు, బయటి ప్యాడు, డిస్కు మందం ఎన్ని మిల్లీమీటర్లో బిల్లు మీద రాయించుకోండి.