వల్లెవేస్తే మెదడులో మారేదేమిటి?

ప్రశ్న: వేదపాఠశాలలో సంథ చెప్పుకునే పిల్లల మెదడులో ఏం మారుతుంది?
– ఒక పాఠకుడు, యాదగిరిగుట్ట

జవాబు: గురువు ఒకసారి పలికిన పాదాన్ని శిష్యులు రెండేసిసార్లు వల్లించే సంథలో అవే నాడీకణాలు పదేపదే కలిసి స్పందిస్తాయి. అప్పుడు రెండు కణాలు కలిసే చోటైన సినాప్స్ వద్ద గ్లూటమేట్ అనే రసాయనం విడుదలై, అందుకునే కణంలోకి కాల్షియం ప్రవేశించడంతో, సంకేతాన్ని పట్టుకునే గ్రాహకాలు అక్కడ మరికొన్ని చేరి ఆ బంధం బలపడుతుంది. ఇటువంటి బలం గంటల తరబడి నిలుస్తుందని శాస్త్రవేత్తలు బ్లిస్, లోమో 1973లో కుందేళ్ల మెదడులో చూపారు. వాడుకలేని బంధాలు సన్నగిల్లడమూ అభ్యాసంలో భాగమే.

మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం పాల్గొన్న 2016 నాటి ఎంఆర్ఐ అధ్యయనంలో, 21 మంది వేదపండితుల మెదడులో భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన కొన్ని భాగాలు ఇతరులకన్నా పెద్దవిగా కనిపించాయి. అయితే ఎంఆర్ఐకి సినాప్స్ కనిపించదు గనుక, ఆ తేడా సినాప్స్‌లు బలపడటం వల్లేనని తేల్చడం తొందరపాటే.