వెర్నాజా: సిమెంటు లేని గోడల ఊరు

పేరు తెలియకపోయినా ఈ ఊరిని మనలో చాలామంది ఏదో ఒక వాల్‌పేపర్‌లో చూసే ఉంటారు. పసుపు, గులాబీ రంగుల ఇళ్లు, బుల్లి రేవు, పైన ఒక పాత కోట బురుజు. ఇటలీ వాయవ్య తీరంలో, లిగూరియా ప్రాంతంలో చింక్వె తెర్రె అని పిలిచే ఐదు ఊళ్లలో వెర్నాజా ఒకటి. జనాభా వెయ్యి కూడా ఉండదు. నేనూ ఫొటో చూసే మొదలుపెట్టాను. కానీ చదివేకొద్దీ ఊరికంటే దాని వెనకున్న కొండే అసలు కథ అనిపించింది.

11వ శతాబ్దంలోనే ఇది కోట ఉన్న ఊరు. సముద్రపు దొంగల భయం ఉండేది కాబట్టి బురుజులు కట్టుకున్నారు. తర్వాత జెనోవా రిపబ్లిక్ కిందికి వచ్చింది. చరిత్ర పుస్తకాల్లో ఇదంతా దొరుకుతుంది, ఇక్కడ ఆగను.

కొండ సంగతి చూద్దాం. అక్కడ చదునైన నేల దాదాపు లేదు. అందుకే జనం వందల ఏళ్లపాటు కొండను మెట్లు మెట్లుగా చెక్కి, ప్రతి మెట్టుకీ రాతిగోడ పేర్చి, వెనక మట్టి నింపి ద్రాక్ష, ఆలివ్ పెంచారు. గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, అంతే. అది పేదరికం వల్ల చేసిన సర్దుబాటు అనుకున్నాను మొదట. కాదు, రాళ్ల సందుల్లోంచి వాన నీరు మెల్లగా బయటికి పోతుంది, గోడ వెనక నీళ్లు నిలిచి ఒత్తిడి పెరగదు. మంచి డిజైన్ కదా! ఆ ద్రాక్షనే కోశాక కొన్ని వారాలు ఆరబెట్టి, షక్కెత్రా అనే తియ్యటి వైన్ చేస్తారు.

చిక్కల్లా ఏంటంటే, ఈ గోడలకి రోజూ మనిషి కావాలి. ఒక రాయి జారితే ఆ వారమే సర్దాలి. 19వ శతాబ్దం చివర్లో రైలు వచ్చింది, పక్కనున్న లా స్పెత్సియాలో నౌకాదళం పనులు దొరికాయి. కుర్రాళ్లు కొండ దిగిపోయారు. చూసేవాళ్లు లేని పాత కోడ్‌లాగా మెట్లు ఒక్కొక్కటీ పాడుబడ్డాయి. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది, పర్యాటకులు పెరిగారు. మెట్లెక్కి గోడ పేర్చేవాళ్లు మాత్రం పెరగలేదు.

2011 అక్టోబర్ 25న కొన్ని గంటల్లోనే కుండపోత వాన కురిసింది. ఊరి ప్రధాన వీధి నిజానికి ఒక వాగు మీద కప్పు వేసి చేసిందే. కొండ మీది మట్టి, రాళ్లు, చెట్లు ఆ దారిలోనే వచ్చాయి. కింది అంతస్తు దుకాణాలన్నీ బురదలో కూరుకుపోయాయి. వెర్నాజాలో ముగ్గురు చనిపోయారు. వాన అసాధారణమైనదే, తప్పంతా పాడుబడ్డ మెట్లదే అనను. కానీ పట్టు లేని మట్టి కిందికి రావడం ఎంత తేలికో ఆ రోజు కనబడింది.

రాయి పేర్చే ఆ విద్యని 2018లో యునెస్కో ఇటలీతో సహా ఎనిమిది దేశాల పేరున మరో జాబితాలో చేర్చింది. వరద తర్వాత కింద కేఫ్‌లు మరుసటి ఏడాదికే తెరుచుకున్నాయి. పైన గోడలు మాత్రం ఇంకా చేత్తోనే, ఒక్కో రాయీ చూసుకుంటూ పేరుస్తున్నారు.